వెన్నునీటి పరీక్ష – అల్జైమర్ వ్యాధి నిర్ణయము: ఒక చారిత్రక పరిశీలన

వృద్ధులకు మతిమరుపు కలిగినప్పుడు వయసు మీదపడినదని సరిపెట్టుకొనుట మన కుటుంబములలో పరిపాటి. అది వయోధర్మమో, అల్జైమర్ వ్యాధియో తేల్చుటకు నేడు వెన్నునుండి కొంచెము నీరు తీసి పరీక్షించుచున్నారు. ఈ పరీక్ష ఎంతవరకు నమ్మదగినదో తెలియవలెనన్నచో దాని చరిత్రను పరిశీలింపవలెను.

1901లో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో అగస్టే డీటర్ అను 51 ఏండ్ల స్త్రీ చేరెను. 1906లో ఆమె మరణించిన పిదప అలోయిస్ అల్జైమర్ అను వైద్యుడు ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించెను. కణముల వెలుపల పేరుకొనిన ముద్దలను, లోపల చిక్కుపడిన పోగులను గుర్తించి, ఆ యేడు నవంబరులో ట్యూబింగెన్ సభలో వివరించెను. 1910లో క్రెపెలిన్ ఈ వ్యాధికి అల్జైమర్ పేరు పెట్టెను. నిశ్చయమైన సాక్ష్యము మాత్రము సామాన్యముగా మరణానంతరమే లభించుచుండెను. 1984లో అమెరికా నిపుణులు ఏర్పరచిన నిబంధనలు సైతము మెదడు కణజాలమును చూడనిదే వ్యాధి నిశ్చితమని చెప్పుటకు అంగీకరింపలేదు.

వెన్నునుండి నీరు తీయు పద్ధతిని 1891లోనే క్వింకే అను జర్మను వైద్యుడు ప్రకటించియుండెను. ఆ నీరు మెదడును చుట్టియుండును గనుక మెదడులోని మార్పుల జాడ అందు దొరకునని శాస్త్రజ్ఞులు తలచిరి. 1995 నాటికి రోగుల నీటిలో అమిలాయిడ్ బీటా 42 అను పదార్థము తగ్గుననియు, టావ్ అను మాంసకృత్తు పెరుగుననియు తేలినది. మొదటిది మెదడులోని ముద్దలలో చిక్కుకొనుటచేతనే నీటిలో తగ్గునని అభిప్రాయము.

ఆచరణలో చిక్కులు కలిగెను. 2009లో ఆరంభమైన అంతర్జాతీయ నాణ్యతా పరిశీలనలో ఒకే నమూనాకు వివిధ ప్రయోగశాలలు ఇచ్చిన అంకెలు సుమారు 20 నుండి 30 శాతము వరకు భేదించెను. నీరు పట్టిన గొట్టము కూడ ఇందుకొక కారణమే. అమిలాయిడ్ బీటా 42 గొట్టపు గోడలకు అంటుకొనును. పాలిస్టైరీన్ గొట్టమున పట్టినచో అంకె తగ్గి, ఆరోగ్యవంతుడు సైతము రోగిగా లెక్కకు రావచ్చును. అందుచే పాలిప్రొపిలీన్ గొట్టములు వాడుకలోనికి వచ్చినవి. 42వ రకమును 40వ రకముతో నిష్పత్తిగా చూచుటచే పొరపాట్లు మరికొంత తగ్గినవి.

అట్టి నిష్పత్తి పరీక్షకు 2022 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి యిచ్చెను. 292 నమూనాల పరిశీలనలో, పరీక్ష ఉన్నదని చెప్పినవారిలో 97 శాతము మందికి మెదడు చిత్రములలో ముద్దలు కనబడెను. లేదని చెప్పినవారిలో 84 శాతము మందికి కనబడలేదు. ఈ అంకెలు ముద్దల ఉనికికి సంబంధించినవే గాని, మతిమరుపునకు కారణము అవియే యని చెప్పునవి కావు. ముద్దలుండియు జ్ఞాపకశక్తి చెడని వృద్ధులు పలువురు గలరు. ఈ కారణముననే 2024లో నిపుణులు రెండు పక్షములైరి. లక్షణములు లేకున్నను పరీక్షా ఫలితమునే వ్యాధిగా గ్రహింపవలెనని ఒక పక్షము. అట్టివారిని ప్రమాదావకాశము గలవారనియే పిలువవలెనని రెండవ పక్షము.

ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ విషయమున ఒక విశేషము గలదు. జ్ఞాపకశక్తిని ప్రశ్నలతో కొలుచు పరీక్షలు రోగి భాషను, చదువును అనుసరించి మారును. ఇంట తెలుగు మాత్రమే మాటలాడు అవ్వను తమిళమునందో మరాఠీయందో ప్రశ్నించినచో, భాష తెలియకపోవుట జ్ఞాపకలోపముగా కనబడవచ్చును. వెన్నునీటి పరీక్షకు ఈ భాషాభేదము లేదు. అయినను అవ్వ నిన్నటివరకు చేసికొన్న పనులలో నేడు వేనిని మరచుచున్నదో ఆ నీరు చెప్పజాలదు. అది ఇంటివారు వైద్యునకు తెలుపవలసినది. ఆ వృత్తాంతమును, వైద్యుని పరిశీలనను, పరీక్షాఫలితమును కలిపి చూచినప్పుడే వ్యాధినిర్ణయము నమ్మదగినదగును.