ముప్పై వేల రీలు

ముప్పై వేలా? రీలొక్కదానికే? కట్టెకు మళ్ళ వేరే పొయ్యాల్నా? సరే గాని కొడుకా, ఆ ఫోను అటు పెట్టి మొద్దు జెర ముందటికి తొయ్యి, మంట సల్లబడుతుంది. కొనొద్దని నేను అంటలేను. లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరుగ బతికినోణ్ణి, మంచి పనితనమున్న సామాను చూస్తే నాకూ చెయ్యి గుంజుతది. కాకపోతే పైసలు దేనికి పోస్తున్నవో తెలిసి పొయ్యాలె.

మా బాపుకు రీలు లేకుండె. వెదురు కట్టె, దాని కొసకు దారం, అంతే. కానీ ఆ కట్టె అంటే ఏదో గుంజి తెచ్చింది కాదు. లోపల బోలు లేని గట్టి వెదురు, కణుపులు దగ్గెర దగ్గెర ఉన్నది చూసి కొట్టుకొచ్చేటోడు. ఓ సీజనంత వంటింట్ల పొయ్యి మీదికి పొగ తగిలేటట్టు కట్టిపెట్టేటోడు. వంకర ఉన్నకాడ నిప్పుల మీద వెచ్చజేసి మోకాలుకు ఆనిచ్చి సరిజేసేటోడు. తంగూసు వైరు మా ఊళ్ళెకు అప్పటికింక రాలే. పత్తి దారం పేని, తుమ్మ చెక్క కషాయంల ఉడికిచ్చి ఆరబెడితే నీళ్ళల్ల నానినా తొందరగ మురుగదు. బెండుకు నెమలి ఈక కాడ. ఎరకు తవ్వితే దొరికే ఎర్రలు, కొర్రమట్టకైతే కప్ప పిల్ల.

కొర్రమట్ట నీళ్ళల్లనే బతికినా గాలి కోసం పైకి రావాల్సిందే. తామరాకుల సందుల ఒక్క బుడగ లేస్తది, బాపు ఆ బుడగనే చూస్తుండేటోడు. ఎర్రగ చిన్న పిల్లల గుంపు నీళ్ళ మీద కనబడిందా, కట్టె తిప్పి వేరేకాడికి నడిచేటోడు. తల్లి కింద కావలుంటది, అప్పుడు పట్టొద్దని. మిగిలిన దినాలల్ల కప్ప పిల్లను ఆ బుడగ పక్కన మెల్లగ ఆడిచ్చేది. నోట్లె పట్టిందంటే ఇగ ఆట లేదు, మాట లేదు, ఒక్క గుంజుడు, ఒడ్డున పడాలె. ఎందుకంటే దానికి గజం సందిచ్చినా పోయి తుంగల దూరుతది, ఆ తర్వాత నీ ముప్పై వేల రీలు కాదుగదా క్రేను తెచ్చినా రాదు. కొర్రమట్ట వేటకు పెద్ద రీలు ఎందుకో నాకు ఇప్పటికీ సమజుగాదు. బలమైన కట్టె, గట్టి వైరు ఉంటే చాలు.

రీలు అన్నది నేను మొదలు చూసింది లాలాగూడల. నిజాం రైల్వే 1893ల పెట్టిన వర్క్‌షాపు అది. నేను చేరేనాటికి ఆంగ్లో ఇండియన్లు ఇంక మస్తుమంది ఉండిరి, డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. ఐతారం వచ్చిందంటే హిమాయత్‌సాగర్ కట్ట మీద వాళ్ళే. 1908ల మూసీ పొంగి పట్నాన్ని ముంచినంక గదా ఆ రెండు చెరువులు కట్టిచ్చిండ్రు, గండిపేట 1920ల, హిమాయత్‌సాగర్ 1927ల. వరద ఆపనీకి కట్టినయ్, తాగు నీళ్ళు ఇచ్చినయ్, ఎనకనుంచి మా అసొంటోళ్ళకు చాపలు గూడ ఇచ్చినయ్.

వాళ్ళ కట్టెలు చూస్తే నాకు నవ్వొచ్చింది. వెదురేనాయె! కానీ గుండ్రంగ లేదు, ఆరు పలకలు. వెదురును ఆరు సన్న బద్దలు చీల్చి, ఒక్కో బద్దను మూడు మూలలొచ్చేటట్టు చిత్రిక పట్టి, ఆరింటినీ జిగురుతోని కలిపి అతికిచ్చేది. లోపలి మెత్తటి గుజ్జు పోయి గట్టి పీచే మిగుల్తది. గార్డు దొర ఒకాయన చెప్పేటోడు, ఈ పని మొదలైనప్పుడు వెదురు మన బెంగాలు దిక్కునుంచే పోతుండెనట, దాన్ని కలకత్తా వెదురనే పిలిచేటోళ్ళు. ఎనకాల చైనాల గ్వాంగ్‌డాంగ్ వెదురు ఇంకా మంచిదని అటు మళ్ళిండ్రు. మన వెదురు ఓడెక్కి పోయి, పాలిషు పట్టిచ్చుకొని, మళ్ళ మన చెరువుకాడికి వందల రూపాయల ధరకు వచ్చింది! వార్నిషు పగిలి నీళ్ళు దూరినయంటే మాత్రం జిగురు విడుస్తుండె. అట్లాంటియి నా దగ్గెరికి తెచ్చేటోళ్ళు, పట్టు దారం చుట్టి వార్నిషు పూసి ఇచ్చేటోణ్ణి.

ఇగ రీలు ముచ్చట. పాత రీలు చక్రమే, దారం పోతుంటే చక్రం తిరుగుతది. దూరం విసిరినవనుకో, గాలం నీళ్ళల్ల పడి ఆగినంక గూడ చక్రం ఆగదు, తిరుగుతనే ఉంటది, దారమంత పిట్టగూడైతది. దీనికి మందు కనిపెట్టింది ఇల్లింగ్‌వర్త్ అనేటాయన, ఇంగ్లండుల బ్రాడ్‌ఫర్డ్ దిక్కు ఉన్ని మిల్లులోళ్ళు. 1905ల పేటెంటు తీసిండు. మగ్గం కాడ కండె చూస్తవు గదా, కండె నిలబడే ఉంటది, నూలు కొసనుంచి చుట్టలు చుట్టలుగ జారుకుంట వస్తది. అదే రీలుకు పెట్టిండు. కండె కదలదు, దారమే జారుతది, తిరిగేది లేదు గన్క పిట్టగూడు బాధ మస్తు తగ్గె. నువ్వు ఫోన్ల చూపిచ్చిన రీలు లోపల గూడ ఉన్నది ఆ ఉపాయమే.

చేసినోళ్ళు గూడ చాపలోళ్ళు కాదు చూడు. స్వీడన్ల ఆబూ కంపెనీ 1921ల గడియారాలు చేయనీకి మొదలైంది, తర్వాత టాక్సీ మీటర్లల్లకు దిగింది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై టాక్సీలు ఆగితే, ఆ పండ్ల చక్రాలు చేసే చేతులు రీళ్ళ మీద పడ్డయ్. జపాన్ల షిమానో గూడ అదే 1921ల సైకిలు ఫ్రీవీలుతోని మొదలుపెట్టి, 1970ల చాపల సామాన్లకొచ్చింది. గడియారమోళ్ళు, సైకిలోళ్ళు, మిల్లోళ్ళు. అందుకే రీలు నా అసొంటి ఫిట్టరుకు తొందరగ సమజైంది.

ఆ దినాలల్ల బయటిదేశం రీలు దుకాణంల దొరికేది కాదు. ఎవని చుట్టమన్నా పెట్టెల తేవాలె. మా గార్డు దొరకు ఆస్ట్రేలియా పోయిన అన్న పంపిండు ఒకటి. నా మూడు నెలల జీతం ఉంటదేమో దాని ధర. ఎండకాలం, చెరువు తగ్గింది, పల్లి చెక్క, వేయించిన మెంతుల పొడి, ఇంగువ కలిపి ముద్దలు చేసి పొద్దుగాల్నుంచి వేసి బొచ్చను మరిపిండు. పది గంటలకు పట్టింది. పెద్దది, నీళ్ళు తిరిగిన తీరుతోనే తెలిసింది. అది లోతుకు మళ్ళింది, రీలు దారం ఇయ్యాలె. ఇయ్యలే. ఒక్క క్షణం బిగబట్టి, గప్పున కొంచెం వదిలి, మళ్ళ బిగబట్టింది. ఠప్పుమన్న సప్పుడు, దారం పట్టుమని తెగి ఎనకకు కొట్టింది.

తెల్లారి రీలు నా దగ్గెరికొచ్చింది. ఇంటికాడ పాత పేపరు పరిచి విప్పిన. కండె మీది బిరడ తీస్తే లోపల ఉన్ని బిళ్ళలు, వాటి నడుమ లోహం బిళ్ళలు. అదే డ్రాగు, చాప గుంజినప్పుడు ఎంత బలానికి దారం వదలాలె అన్నది చెప్పేది అదే. ఏడాదంత బిగించే పెట్టిండు, బిళ్ళలు ఎండి అట్టలైనయ్, గ్రీజు జిగురై కూసుంది. రైలు బ్రేకు తీరు ఉండాలె బిడ్డా డ్రాగు, మెల్లగ పట్టాలె, పట్టినంక ఒక్క తీరుగ పట్టాలె. కిరసనాయిలుల కడిగి, కొత్త ఉన్ని బిళ్ళలు కత్తిరిచ్చి నూనె పట్టిచ్చి ఏసిన. ‘వేట అయినంక బిరడ వదులు చేసి పెట్టు దొరా’ అని చెప్పిన. మళ్ళ నెల బొచ్చ తలకాయ ఇంటికి పంపిండు, మీ నానమ్మ చింతపులుసు పెట్టింది.

అంటే ధర ఎక్కువైనంత మాత్రాన చాప రాదు. అట్లని ఆరువందలది కొనుక్కో అంటున్ననా? అనను. మన పక్కింటి పిలగాడు తెచ్చింది విప్పి చూసిన గదా, లోపల పండ్ల చక్రం జస్తుతోని పోత పోసింది. ఒక్క వానకాలం తిప్పేసరికి పండ్లు అరిగి, పిడి తిప్పుతుంటే ఇసుక నమిలినట్టు కరకరమంది. పార్టు దొరకదు, పారేసుడే. అందుకే నేను రీలు చూస్తే ముందుగాల అడిగేది దీని పార్టులు ఈడ దొరుకుతయా అని. ముప్పై వేలది కొని, దాని స్ప్రింగొకటి ఇరిగితే సముద్రం అవుతలినుంచి వచ్చేదాంక ఆర్నెల్లు ఆగాల్సొస్తే, దానికన్న ఐదువేలది నయం.

ఇగ బేరింగులు. పది ఉన్నయ్, పదమూడు ఉన్నయ్ అని డబ్బా మీద రాస్తరు. జీవితమంత బేరింగుల్ల బతికిన, నా మాట విను. నాలుగు మంచియి కావాల్సినకాడ ఉంటే పదమూడు నాసిరకానివాటికన్న మేలు. దుకాణంల లెక్క అడుగకు. పిడి పట్టుకొని పక్కకు ఊపి చూడు, ఆట ఉన్నదా? మెల్లగ తిప్పు, ఎక్కడన్న గీరుకుంటున్నదా? తర్వాత వైరు కొసకు నీళ్ళ సీసా కట్టి డ్రాగు వదులుకుంట చూడు, సీసా దిగేటప్పుడు జర్కు లేకుండ దిగాలె. ఇంటికాడ స్ప్రింగు కాటా ఉంటే ఇంకా మంచిది. ఎనిమిది కిలోలు ఆగే వైరుకు రెండు, రెండున్నర కిలోల కాడ డ్రాగు వదిలేటట్టు పెట్టుకోవాలె, అంటే మూడో వంతు దాటొద్దు.

నా అంచనా ఏందంటే, రీలుకు ఐదారు వేల దాంక పెట్టే ప్రతి రూపాయి నీళ్ళ మీద పనిజేస్తది. డ్రాగు, పండ్ల చక్రాలు, వైరు రాసుకునే రోలరు, అన్నీ బాగుపడుతయ్. పదివేలు దాటినంక ఎక్కువగ పోసేది బరువు తగ్గనీకి, ఉప్పునీళ్ళు లోపలికి పోకుండ సీళ్ళు పెట్టనీకి. విశాఖల రాళ్ళ మీద నిలబడి సముద్రంల పొద్దంత విసిరేటోనికి అది కావాలె, నేను కాదనను. సింగూరు ఒడ్డున రెండు కట్టెలు ఆనిచ్చి, సద్ది విప్పి కూసునేటోనికి ఆ సీళ్ళెందుకు? నువ్వు నెలకొక్కసారి పోతవు, అది గూడ మీ దోస్తులకు సెలవు దొరికితే! 1946ల మైసూరు దిక్కు కబిని నదిల వాన్ ఇంగెన్ అనేటాయన నూట ఇరవై పౌండ్ల మహాసీరు గట్టెక్కిచ్చిండు, అంటే యాభై నాలుగు కిలోలు. కార్బను కట్టె అన్నది ఈ లోకంల అప్పటికి పుట్టలే.

మిగిలిన పైసలు ఎక్కడ పెట్టాల్నో చెప్పుతా. గాలాల మీద పెట్టు. నార్వేల మస్టాడ్ అనేటోళ్ళు 1832 నుంచి ఉన్నరు, ఇట్ల పేరున్నోళ్ళవి తీస్కో. గాలం మొన బొటనవేలు గోరు మీద ఆనిచ్చి మెల్లగ గుంజు, జారిందంటే మొద్దు, గోరుల దిగబడి ఆగిందంటే పనికొస్తది. వైరు ఎండకు పాడైతది, ప్రతి వానకాలానికి మార్చు. ముడి బిగిచ్చే ముందు ఉమ్ముతోని తడి చెయ్యి, పొడిగ గుంజితే రాపిడి వేడికి ముడికాడనే సత్తువ పోతది. చాపకూ నీకూ నడుమ ఉండేది ఇవ్వే, రీలు ఎంత గొప్పదైనా.

కట్టె మాత్రం కార్బనుది కొనుక్కో, దానికి నేను ఒప్పుకుంట. తేలిక, పొద్దంత విసిరినా జబ్బ గుంజదు, బొచ్చ ముట్టిందా లేదా చేతికి తెలుస్తది. రాయికి కొట్టనియ్యకు, పైన గీటు పడ్డదంటే పట్టినప్పుడు ఆడనే ఇరుగుతది, వెదురోలె చిట్లి ముందే చెప్పదు. ఇంకోటి, దుకాణపోడు నీకు చెప్తడో చెప్పడో. కార్బను కరెంటును గుంజుకుంటది. రైలు తీగల్ల 25 వేల వోల్టులు పారుతుంటయ్, తాకనక్కర లేదు, దగ్గెరికి పోయినా దుంకుతది. మీరు పోయే చెరువు లైను అవుతలికే గదా? గేటుకాడ దిగంగనే కట్టె ముక్కలు విడదీసి సంచిల పెట్టుకొని దాటుండ్రి, ఒడ్డుకు పోయినంకనే బిగించుకోండ్రి, అది గూడ పైన తీగ ఉన్నదో లేదో చూసుకొని.