భూగర్భ విద్యుత్ లైన్లు

అధిక వోల్టేజి విద్యుత్తును టవర్లపై తీగల ద్వారా కాక, భూమిలో పాతిన కేబుళ్ళ ద్వారా పంపే ఏర్పాటును '''భూగర్భ విద్యుత్ లైన్లు''' అంటారు. 1891లో సెబాస్టియన్ ఫెరాంటి లండన్ నగరానికి డెప్ట్‌ఫర్డ్ కేంద్రం నుండి 10,000 వోల్టుల విద్యుత్తును కాగితపు బంధకం గల భూగర్భ కేబుళ్ళ ద్వారా సరఫరా చేసాడు. నేడు ఎక్కువగా ప్రత్యేకంగా తయారుచేసిన పాలిథిలీన్‌ను బంధకంగా వాడుతున్నారు.

== నిర్మాణం ==
టవర్లపై తీగలకు చుట్టూ ఉన్న గాలే విద్యుద్బంధకం. వాటిని చల్లబరచేదీ గాలే. భూమిలో ఈ రెండు సౌకర్యాలూ ఉండవు. అందుచేత రాగి లేదా అల్యూమినియం వాహకం చుట్టూ మందమైన బంధకం, దానిపై లోహపు తొడుగు, ఆపైన రక్షణ పొర ఉంటాయి. వేడి మట్టి గుండా బయటకు పోవాలి కనుక కందకంలో కేబుళ్ళ మధ్య తగినంత ఎడం ఉంచి, వేడిని బాగా ప్రసరింపజేసే ఇసుక మిశ్రమంతో నింపుతారు. మట్టి ఎండిపోతే కేబులు మోయగల విద్యుత్తు తగ్గుతుంది.

== దూరం సమస్య ==
వాహకం, లోహపు తొడుగు, వాటి మధ్య బంధకం కలిసి ఒక పొడవైన కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఏకాంతర విద్యుత్తు (ఏ.సి.) దిశ మారిన ప్రతిసారీ దీనిని నింపి, ఖాళీ చేయవలసి వస్తుంది. కేబులు పొడవు పెరిగేకొద్దీ ఈ ప్రవాహం పెరిగి, కొన్ని పదుల కిలోమీటర్ల తరువాత వినియోగదారునికి చేరవలసిన సామర్థ్యాన్ని మింగివేస్తుంది. దీనిని సరిచేయడానికి మధ్యలో రియాక్టర్లు అమర్చాలి. ఏకముఖ విద్యుత్తుకు (డి.సి.) ఈ చిక్కు లేదు. కనుకనే జర్మనీ 2015లో చట్టాన్ని సవరించి, కొత్త దూరప్రాంత డి.సి. లైన్లలో భూగర్భ కేబుళ్ళకు ప్రాధాన్యమిచ్చింది.

== లాభనష్టాలు ==
ఇవి గాలివానలకు తెగవు, తక్కువ స్థలం ఆక్రమిస్తాయి. అయితే ఖర్చు ఓవర్‌హెడ్ లైన్లకంటే అనేక రెట్లు ఎక్కువ. లోపం ఎక్కడుందో కనుగొని, తవ్వి, అతుకు వేయడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. కేబులు మార్గంపై ఇళ్ళు కట్టరాదు, లోతుగా వేళ్ళూనే చెట్లు నాటరాదు.

== భారతదేశంలో ==
* '''కేరళ''': తమిళనాడులోని పుగలూరు నుండి త్రిస్సూరుకు 2,000 మెగావాట్లు చేరవేసే ±320 కిలోవోల్టుల డి.సి. లైను 2021లో ప్రారంభమైంది. జనసాంద్రత వలన కేరళలో సుమారు 27 కిలోమీటర్లు భూగర్భంలో వేసారు.
* '''విశాఖపట్నం''': 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను స్తంభాలను కూల్చివేసిన తరువాత, ప్రపంచ బ్యాంకు సహాయంతో నగరంలో పంపిణీ లైన్లను భూగర్భంలోకి మార్చే పని చేపట్టారు.
* '''బట్టమేక పిట్ట''': బరువైన ఈ పక్షి ఎదుటి తీగలను సకాలంలో చూడలేక ఢీకొని మరణిస్తుంది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలోని దాని ఆవాసాలలో లైన్లను వీలైనంతవరకు భూగర్భంలో వేయాలని ఆదేశించింది. సాంకేతిక ఇబ్బందులు, సౌరవిద్యుత్ అవసరాల దృష్ట్యా 2024 మార్చిలో, సుమారు 99,000 చదరపు కిలోమీటర్లకు వర్తించే ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల సంఘాన్ని నియమించింది. ఈ పక్షి రక్షణకే ఆంధ్ర ప్రదేశ్‌లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది.