మగవారి ఒంటి వెంట్రుకలు: తీయాలా, వదిలేయాలా?

గడ్డం గురించి, మీసం గురించి మగవాళ్లు ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. చంకలు, ఛాతీ, గజ్జల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. గడ్డం గీసుకోవడం తండ్రినో అన్ననో చూసి నేర్చుకుంటారు. మెడ కింది భాగం సంగతి ఎవరూ నేర్పరు, ఎవరినీ అడగరు. బాత్రూం తలుపు వేసుకుని, చేతికందిన బ్లేడుతో ఎవరి ప్రయోగం వారు చేసుకుంటారు. దురదో పుండో వస్తే మందుల షాపులో ఓ క్రీము కొనుక్కుంటారు. అది ముదిరాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లరు.

పాత అలవాటే

ఒంటి వెంట్రుకలు తీయడం సినిమా హీరోల నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్ అనుకుంటే పొరపాటు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో నాగరకుడి దినచర్య చెప్పే అధ్యాయం ఉంది. రోజూ స్నానం, రోజు విడిచి రోజు ఒళ్లు రుద్దించుకోవడం, నాలుగో రోజుకోసారి క్షవరం, అయిదో రోజుకో పదో రోజుకో ఒంటి వెంట్రుకలు తీయించుకోవడం అందులోని లెక్క. చరకసంహిత కూడా పక్షానికి మూడుసార్లు జుట్టు, గడ్డం, ఒంటి రోమాలు, గోళ్లు తీయించుకోమంటుంది.

ఇస్లాం సంప్రదాయంలో చంకల్లో, నాభి కింద వెంట్రుకలు తీయడం శుభ్రతలో భాగం. నలభై రోజులు దాటనివ్వకూడదని హదీసులు చెబుతాయి. సిక్కుల దారి ఇందుకు పూర్తిగా వేరు. అమృతం స్వీకరించిన సిక్కుకు తల వెంట్రుకలే కాదు, ఒంటి మీద ఏ వెంట్రుకా తీయడం కూడదు. దిగంబర జైన మునులు తల, గడ్డం వెంట్రుకలను కత్తి తాకించకుండా చేత్తోనే పెరికేసుకుంటారు. అంటే ఈ దేశంలో 'మగవాడు ఇలాగే ఉండాలి' అనే ఒకే ప్రమాణం ఎన్నడూ లేదు.

తెర మీద మారింది మాత్రం ఈమధ్యే. ఛాతీ నిండా వెంట్రుకలతో అనిల్ కపూర్ ఎనభైల్లో హీరోగా నిలబడ్డాడు. 1998లో 'ప్యార్ కియా తో డర్నా క్యా' పాటలో చొక్కా లేకుండా కనిపించిన సల్మాన్ ఖాన్ ఛాతీ నున్నగా ఉంది. 2007లో 'దేశముదురు' నాటికి తెలుగులోనూ సిక్స్‌ప్యాక్ ఇంటింటి మాటైంది. కండలు కనబడాలంటే వెంట్రుకలు అడ్డు. జిమ్ములో చేరిన కుర్రాడికి ట్రిమ్మర్ అవసరమైంది అందుకే. కంపెనీలు వెనకే వచ్చాయి.

గీస్తే దట్టంగా పెరుగుతుందా?

పెరగదు. అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే మగవాళ్ల గడ్డం వెంట్రుకలను కొలిచి ఈ నమ్మకంలో నిజం లేదని తేల్చారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని అడ్డంగా కోస్తుంది కాబట్టి మొండిగా, ముతకగా తగులుతుంది. కుదురు చర్మం లోపల ఉంటుంది, దాన్ని బ్లేడు తాకనే తాకదు. వయసొచ్చాక ఛాతీ మీద, గజ్జల్లో నూగు ముదిరి నల్లబడటం హార్మోన్ల పని. ఎవరికెంత అన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది.

ఇక శుభ్రత. రోజూ స్నానం చేసే మనిషికి గజ్జల్లో వెంట్రుకలు ఉండటం మురికేమీ కాదు. అవి చర్మం చర్మానికి రాసుకోకుండా కాస్త అడ్డుగా ఉంటాయి. చంకల్లో తీసేస్తే చెమట తగ్గదు, వాసన కొంత తగ్గవచ్చు. కాబట్టి తీయడం, మానడం ఇష్టానికి సంబంధించిన విషయం. వైద్యపరంగా తప్పనిసరి కాదు.

కోతలు, కాలడాలు

అమెరికాలో ఏడున్నర వేల మందిని అడిగి చేసిన ఒక సర్వే 2017లో 'జామా డెర్మటాలజీ'లో వచ్చింది. జననాంగాల దగ్గర వెంట్రుకలు తీసే మగవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు గాయపడ్డామన్నారు. మగవాళ్లలో ఎక్కువ గాయాలు వృషణాల తిత్తి మీదే. అక్కడి చర్మం పల్చగా, ముడతలుగా, వదులుగా ఉంటుంది. బ్లేడుకు చదునైన చోటు దొరకదు. వెంట్రుకలు కరిగించే క్రీములతో ఇంకో ప్రమాదం. వాటిలోని థయోగ్లైకొలేట్ వెంట్రుకలోని కెరటిన్‌ను విరగ్గొడుతుంది. చర్మంలోనూ కెరటిన్ ఉంది. అందుకే చాలా క్రీముల పెట్టెల మీద జననాంగాలకు వాడవద్దని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదివేది తక్కువ మందే.

గిరజాల వెంట్రుక ఉన్నవారికి మరో చిక్కు. గీసిన వెంట్రుక తిరిగి లోపలికే వంగి చర్మంలో గుచ్చుకుంటుంది. ఎర్రటి పొక్కులు లేస్తాయి. వాటి మీదే మళ్లీ గీస్తే చీము పడుతుంది.

అసలు చిక్కు మాత్రం దీని తర్వాత మొదలవుతుంది. గీసిన చోట దురద పుడుతుంది. అది గీయడం వల్ల వచ్చిన మంటో, తామరో తెలియదు. గత దశాబ్దంగా భారత్‌లో మొండి తామర విపరీతంగా వ్యాపించింది. మామూలు మందులకు లొంగని శిలీంద్రానికి శాస్త్రవేత్తలు 2020లో పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. బిగుతు జీన్సు, చెమట, ఉక్కపోత దానికి బాగా కలిసొస్తాయి. ఆ సమయంలో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన క్రీము రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, శిలీంద్రం మాత్రం లోలోపల పాకుతుంది. గజ్జల చర్మం పల్చబడి చారలు పడుతుంది. ఆ చారలు పోవు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్‌లో నోటిమాటగా అడిగితే దొరికే షాపులకు కొదవ లేదు.

ఆపరేషన్ ముందు గొరగడం

హెర్నియా, హైడ్రోసిల్ లాంటి ఆపరేషన్లకు ముందు రోజు రాత్రి పొట్ట నుంచి తొడల దాకా నున్నగా గొరగడం మన ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉన్న ఆనవాయితీ. అది శుభ్రత అని రోగులూ నమ్ముతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు దీన్ని గట్టిగా వద్దన్నాయి. బ్లేడు కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో బ్యాక్టీరియా పెరిగి కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వెంట్రుకలను వదిలేయాలి, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించాలి అన్నది ఇప్పటి సూత్రం. 'బ్లేడుతోనా, క్లిప్పర్‌తోనా?' అని రోగి నర్సును అడగడంలో తప్పేం లేదు.

ఇంట్లోనూ ఇదే వర్తిస్తుంది. గార్డు ఉన్న ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే సరిపోతుంది. బ్లేడే కావాలంటే ముందు ట్రిమ్మర్‌తో తగ్గించి, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, కొత్త బ్లేడుతో వెంట్రుక వాలు వెంబడే గీయాలి. లేజర్‌కు వెళ్లేవారు యంత్రం రకం అడగాలి. మన ఛాయకు కాలిన మచ్చల భయం ఎక్కువ. లోతుకు వెళ్లే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ముదురు చర్మానికి మిగతావాటి కన్నా సురక్షితం.

సెలూన్ సంగతి

ఆయగాళ్ల వ్యవస్థ ఉన్న రోజుల్లో క్షురకుడు ఇంటికే వచ్చి గడ్డంతోపాటు చంకలూ గీసేవాడు. ఏడాదికోసారి కళ్లంలో గింజలు కొలిచేవారు. దళితవాడకు ఆ సేవ అందేది కాదు. దుకాణాల్లో కులవివక్షను రాజ్యాంగం 15(2) అధికరణంలో నిషేధించినా, సెలూన్‌లో దళితులకు క్షవరం చేయలేదన్న వార్తలు కర్ణాటక, తమిళనాడు గ్రామాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

చంకలు గీయమంటే నేటి సెలూన్లలో కొందరు చేస్తారు, కొందరు ముఖం తిప్పుకుంటారు. చేయించుకునేవారు చూసుకోవలసింది బ్లేడు. కంటికి కనిపించనంత రక్తం చాలు, హెపటైటిస్ బి అంటుకోవడానికి. ఆ వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. బ్లేడును కళ్లముందే విరిచి కత్తికి పెట్టడం ఇప్పుడు చాలాచోట్ల అలవాటైంది. గీసిన తర్వాత రుద్దే పటిక ముక్క మాత్రం పొద్దున్నుంచి వచ్చిన అందరికీ అదే.