తల్లినోటి కథ

అమెరికాదేశపు దక్షిణ ప్రాంతములందు బానిసకు చదువు చెప్పుట నేరమైన కాలము గలదు. దక్షిణ కెరొలైనాలో 1740లోనే బానిసలకు వ్రాత నేర్పువారికి జుల్మానా విధించిరి. బిడ్డను సంతలో నమ్మివేయుదురేమోయని దినదినము భయపడు తల్లి, కూఁతున కీయఁదగిన ధనము మాట యొక్కటియే. వంశచరిత్రయు దైవభక్తియు నా మాటలోనే యుండెను.

1865లో బానిసత్వము తొలఁగినను ఆ కథలు నిలిచెను. మార్గరెట్ వాకర్ అను విదుషి, అమ్మమ్మ తన తల్లినిగూర్చి చెప్పిన కథలను చిరకాలము మనసున నిలుపుకొని, 1966లో ‘జూబిలీ’ యను నవలగా వెలువరించెను. జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రకటించిన నవలయందొక వృద్ధురాలు తనజాతి స్త్రీలనుగూర్చి ధర్మోపన్యాసము చేయఁగోరియు, వేదిక దొరకక, దానిని మనుమరాలికే వినిపించును. ఆ ముదుసలి భయమే మనుమరాలికి సంకెల యగుటనుగూడ రచయిత్రి దాఁచలేదు. టోనీ మారిసన్ 1987లో రచించిన ‘బిలవెడ్’ నందు బేబీ సగ్స్ అడవిలో తనవారిని జేర్చి, తమ దేహములను తామే ప్రేమించుకొనవలెనని బోధించును. ఆమె గతించిన పిమ్మట ఆమె స్వరమే మనుమరాలిని గడప దాఁటించును.

చదువురాని తల్లిని అజ్ఞానురాలని తలఁచుట మనలోఁ బలువురకు వాడుక. ఈ గ్రంథములను జదివినవారి కట్టి తలంపు నిలువదు. కూఁతురు అక్షరము లమర్చినది. కథను గూర్చినది తల్లి. సారస్వతచరిత్ర వ్రాయువారు ఆమెనుగూడ గ్రంథకర్త్రులలో లెక్కింపవలెనని మా యభిప్రాయము.