ఆశ్రయం నిరాకరించాక కోర్టు ఏం చూస్తుంది?

ఆశ్రయం కోరిన విశ్వాసి దరఖాస్తును ఫలానా దేశం తోసిపుచ్చిందని వింటే, “కోర్టుకు వెళ్తే ఇస్తారులెండి” అనుకుంటాం. నిజానికి ఆశ్రయం ఇవ్వడం కాదు, ఆ భయాన్ని అధికారులు సరిగా పరిశీలించారా అన్నది తేల్చడమే చాలాసార్లు కోర్టు పని. స్వీడన్‌పై ఒక ఇరాన్ దేశస్థుడు వేసిన కేసు ఇందుకు మంచి ఉదాహరణ. తీర్పులో ఆయన పేరు లేదు, ఎఫ్.జి. అని మాత్రమే ఉంది.

ఆయన 2009లో స్వీడన్ చేరి, ఇరాన్‌లో తాను సాగించిన రాజకీయ కార్యకలాపాల వల్ల ప్రాణభయం ఉందన్నారు. 2010 జనవరిలో అక్కడే బాప్తిస్మం పొందారు. విచారణలో కాపరి రాసిన లేఖ ఇచ్చారు గానీ, విశ్వాసం తన సొంత విషయమనీ, దాన్ని ఆశ్రయానికి ఆధారంగా చూపననీ చెప్పారు. విశ్వాసాన్ని వీసా కాగితంలా వాడుకోకూడదన్న ఆ బిడియం మాకు అర్థమవుతుంది. వలస శాఖ కాదంది. 2011లో వలస కోర్టూ అదే మాట చెప్పింది. పై కోర్టు అప్పీలుకు అనుమతే ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయన తన మతమార్పిడిని ముందుకు తెస్తే, అది కొత్త సంగతి కాదు గనుక మళ్లీ విచారించబోమన్నారు.

కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు చేరింది. 2014లో నలుగురు న్యాయమూర్తులు ఆయనకు వ్యతిరేకంగా, ముగ్గురు అనుకూలంగా నిలిచారు. 2016 మార్చి 23న 17 మంది న్యాయమూర్తుల విస్తృత ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. రాజకీయ కారణాల విషయంలో స్వీడన్ తప్పు చేయలేదంది. మతం మారినట్టు అధికారులకు తెలుసు, అయినా తిరిగి వెళ్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. నేటి పరిస్థితినిబట్టి అది పరిశీలించకుండా పంపిస్తే, ప్రాణరక్షణకూ చిత్రహింసల నిషేధానికీ సంబంధించిన 2, 3 అధికరణాలను ఉల్లంఘించినట్టేనని చెప్పింది. దరఖాస్తుదారు తన వాదన ఎలా నడిపినా ఆ రక్షణ పోదు.

ఆశ్రయం ఇవ్వమని కోర్టు ఆదేశించలేదు, పరిశీలించకుండా పంపవద్దంది. ఆ పరిశీలనలో అధికారులు మతమార్పిడి నిజమైనదా అని కూడా అడుగుతారు. కాపరులు ఇలాంటి లేఖ రాయవలసి వస్తే బాప్తిస్మం తేదీతో సరిపెట్టక, ఆ వ్యక్తి ఎప్పటినుంచి ఆరాధనకు వస్తున్నాడో, సంఘంలో ఏం చేస్తున్నాడో తాము చూసినంతవరకే రాయడం మంచిది. చూడనిది రాస్తే ఆ లేఖే ఆయనకు అడ్డవుతుంది.

ఈ తీర్పు మన దేశానికి వర్తించదు. 1951 శరణార్థుల ఒప్పందంపై కూడా భారతదేశం సంతకం చేయలేదు.