బాదం పాలు: పాలు మానేసినవాళ్ళ పాలు

ఈరోజు ఎపిసోడ్ వంటింట్లోంచి మొదలుపెడుతున్నాను. నా ముందు ఒక గిన్నెలో రాత్రంతా నానిన బాదం పప్పులు ఉన్నాయి. పక్కన మిక్సీ, ఒక పల్చటి నూలు గుడ్డ, మంచినీళ్ళు. ఈరోజు కథకి కావలసిన సామాను ఇంతే.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చేద్దాం. మన ఊళ్ళో బాదం పాలు అంటే సాయంత్రం బండి మీద గ్లాసులో పోసిచ్చే పసుపు రంగు పాలు. కుంకుమపువ్వు, యాలకులు, పైన నాలుగు బాదం పలుకులు. అవి గేదె పాలో ఆవు పాలో, వాటిలో బాదం కలిపారంతే. నేను చెప్పబోయేది అది కాదు. ఒక్క చుక్క కూడా పశువుల పాలు లేకుండా, బాదం పప్పు, నీళ్ళు మాత్రమే కలిపి చేసే పాల గురించి. సూపర్ మార్కెట్లో ఖరీదైన డబ్బాల్లో కనిపిస్తాయి చూడండి, అవి.

వాటిని చూసి "ఇదంతా ఈ పదేళ్ళలో వచ్చిన ఫ్యాషన్" అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ చదవడం మొదలుపెడితే తేలింది ఏంటంటే, ఇది కనీసం ఏడు వందల ఏళ్ళ నాటి వంట. ఇంకో సంగతి కూడా తేలింది. ఈ పాలు తాగినవాళ్ళలో చాలామంది ఆరోగ్యం కోసం తాగలేదు. ఒక నియమం కోసమో, ఒక మాట కోసమో పాలు మానేసి, వాటి చోట ఏం పెట్టాలో తెలియక తాగారు.

పాలు తాగకూడని ఉపవాసం

మన ఇళ్ళల్లో ఉపవాసం అంటే ఏంటి? "ఈరోజు అన్నం తినను, పాలు, పళ్ళు తీసుకుంటాను" అంటారు. మనకి పాలు ఉపవాసాన్ని నిలబెట్టేవి. కానీ మధ్యయుగాల యూరప్‌లో సరిగ్గా దీనికి రివర్స్. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల లెంట్‌లో, అంటే మన దగ్గర తపస్కాలం అని, శ్రమదినాలు అని పిలిచే రోజుల్లో, మాంసంతో పాటు పాలు, వెన్న, జున్ను, గుడ్లు కూడా నిషేధం. ఎందుకంటే అవి కూడా జంతువు శరీరం నుంచి వచ్చినవే. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ లాంటి పెద్ద వేదాంతి కూడా ఉపవాసంలో గుడ్లు, పాలు ఎందుకు తినకూడదో కూర్చుని చర్చించాడు. పైగా లెంట్ ఒక్కటే కాదు. వారంలో శుక్రవారం లాంటి రోజులు, పండగల ముందు రోజులు కలుపుకుంటే ఏడాదిలో చాలా భాగం ఏదో ఒక ఆంక్షలోనే గడిచేది.

మరి రాజుగారి వంటవాడు ఏం చేయాలి? సాస్ చిక్కబడాలంటే పాలు లేవు, మెత్తదనం రావాలంటే వెన్న లేదు. అప్పుడు దొరికిన దారే బాదం. బాగ్దాద్‌లో 1226లో రాసిన వంట పుస్తకం 'కితాబ్ అల్ తబీఖ్' చూస్తే, మాంసం కూరల్లో బాదం నూరి కలపడం అప్పటికే మామూలు విషయం. యూరప్ వంటవాళ్ళకి బాదం, బియ్యం, చక్కెర అన్నీ మధ్యధరా సముద్రం వైపు నుంచే వచ్చాయి. ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్ళు సుమారు 1390లో 'ది ఫార్మ్ ఆఫ్ క్యూరీ' అనే వంటల సంకలనం తయారుచేశారు. అందులో బాదం పాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. బాదం పాలు చిక్కగా తీసి, మరిగించి, వెనిగర్ చిలకరించి, గుడ్డలో కట్టి నీళ్ళు వార్చి, చక్కెర కలిపి ముక్కలుగా కోసి వడ్డించేవారు. ఇది విన్నాక మీకేం గుర్తొచ్చింది? మనం నిమ్మకాయ పిండి పాలు విరగ్గొట్టి పనీర్ చేస్తాం కదా, అదే పద్ధతి. పాలు లేకుండా పనీర్ లాంటిది చేసుకున్నారన్నమాట.

ఇప్పుడు మనం చేద్దాం

సరే, చేతులు కడుక్కుని వచ్చాను. ఒక కప్పు బాదం, అంటే దాదాపు 140 గ్రాములు. ఎనిమిది గంటలు నానాయి. వేలితో నొక్కితే తొక్క ఊడి వచ్చేస్తుంది. తొక్క తీయకపోయినా పాలు వస్తాయి, కానీ రంగు కాస్త మారుతుంది, కొంచెం వగరు తగులుతుంది. ఆ రోజుల్లో వేడినీళ్ళలో వేసి తొక్క తీసేవారు.

ముందు ఒక కప్పు నీళ్ళతో మెత్తగా రుబ్బాలి. ఒకేసారి నీళ్ళన్నీ పోస్తే పప్పు తప్పించుకుని తిరుగుతుంది, నలగదు. మెత్తబడ్డాక ఇంకో మూడు కప్పులు పోసి మళ్ళీ తిప్పాలి. ఇప్పుడు గుడ్డలో పోసి పిండాలి. చూశారా, అచ్చం కొబ్బరి పాలు తీసినట్టే. మన అమ్మమ్మల చేతులకి ఇది కొత్త పనేం కాదు.

తెల్లగా ఎందుకు వచ్చాయి? బాదంలో సుమారు సగం బరువు నూనే. రుబ్బినప్పుడు ఆ నూనె కంటికి కనిపించనంత చిన్న చుక్కలుగా విరిగిపోతుంది. పప్పులోని ప్రోటీన్ ఆ చుక్కల చుట్టూ చేరి, అవి మళ్ళీ కలిసిపోకుండా ఆపుతుంది. ఆ చుక్కల మీద వెలుతురు పడి చెదిరిపోతుంది, మనకి తెల్లగా కనిపిస్తుంది. ఆవు పాలు తెల్లగా ఉండడానికి కూడా దాదాపు ఇదే కారణం. ఫ్రిజ్‌లో పెట్టిన ఇంటి బాదం పాలు కాసేపటికి రెండు పొరలుగా విడిపోతే పాడైపోయాయని పారబోయకండి. డబ్బా పాలల్లో అవి విడిపోకుండా గమ్ లాంటివి కలుపుతారు, మనం కలపలేదు, అంతే. ఊపి తాగేయండి. రెండు మూడు రోజుల్లో మాత్రం అయిపోగొట్టాలి.

ఆ కాలంలో ఫ్రిజ్ లేదు. ఆవు పాలు పూట గడిస్తే విరిగిపోతాయి. బాదం పప్పు మాత్రం నెలల తరబడి నిల్వ ఉంటుంది, ఓడలెక్కి దేశాలు దాటుతుంది. కావలసినప్పుడు కావలసినన్ని పాలు పిండుకోవచ్చు. అందుకే ఉపవాసం లేని రోజుల్లో కూడా పెద్దింటి వంటగదుల్లో ఇవి వాడేవారు.

పెద్దింటి అన్నాను, గమనించారా? నియమం అందరికీ ఒకటే. కానీ ఉత్తర యూరప్‌లో బాదం పండదు, దిగుమతి సరుకు, ఖరీదు. రాజుగారి లెంట్‌లో బాదం పాలు, చక్కెర. పేదవాడి లెంట్‌లో ఉప్పు చేప, బఠానీ.

వెన్న గోపురం

నియమం ఉన్నచోట మినహాయింపు కూడా ఉంటుంది. ఆ మినహాయింపుకి ఒక ధర కూడా ఉంటుంది. ఫ్రాన్స్‌లో రూఆన్ అనే ఊరి కెథీడ్రల్‌కి ఒక పెద్ద గోపురం ఉంది. దాన్ని ఇప్పటికీ 'వెన్న గోపురం' అనే పిలుస్తారు. లెంట్‌లో వెన్న తినడానికి అనుమతి కావాలనుకున్నవాళ్ళు చర్చికి డబ్బు కట్టేవారు. ఆ గోపురం కట్టడానికి ఆ డబ్బు వాడారని చెబుతారు. 16వ శతాబ్దం మొదట్లో అది పూర్తయింది. కొన్నేళ్ళకే, 1520లో, మార్టిన్ లూథర్ ఈ వ్యవహారాన్ని దులిపేశాడు. రోమ్‌లో వాళ్ళు ఉపవాసాన్ని చూసి నవ్వుకుంటారు, మాకు మాత్రం చెప్పులకి కూడా రాసుకోని నూనె తినిపిస్తారు, ఆ తర్వాత వెన్న తినే హక్కు మాకే అమ్ముతారు అన్నది ఆయన కోపం. ప్రొటెస్టంట్ దేశాల్లో ఈ ఉపవాస నియమాలు సడలిపోయాయి. వెన్న, పాలు తిరిగొచ్చాయి. వాటితో పాటు బాదం పాలు మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాయి. స్పెయిన్, దక్షిణ ఇటలీ లాంటి బాదం పండే చోట్ల మాత్రం నిలబడ్డాయి.

గాంధీజీ మంచం పక్కన

ఇక్కడి నుంచి నాలుగు వందల ఏళ్ళు ముందుకొచ్చి మన దేశానికి వద్దాం. నియమం మారింది, మనిషి మారాడు, కానీ అదే బాదం పాలు.

1912లో, దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫామ్‌లో ఉన్నప్పుడు గాంధీజీ పాలు మానేశారు. కలకత్తాలో పశువులను పాల కోసం ఎంత హింసిస్తున్నారో చదివారు. చివరి చుక్క వరకూ పిండడానికి 'ఫూకా' అనే క్రూరమైన పద్ధతి ఉండేది. ఆ తర్వాత అది వ్రతంగా మారింది.

1918. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో తిరుగుతున్న రోజులు. ఆయన తిండి ముఖ్యంగా వేరుశనగ ముద్ద, నిమ్మకాయలు. ఆ సమయంలో జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి మంచాన పడ్డారు, ఇక బతకను అనుకునేంత వరకూ వెళ్ళింది. డాక్టర్లు పాలు తాగమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తెలిసిన వైద్యులని, శాస్త్రవేత్తలని, పాలకి బదులు ఏదైనా చెప్పండి అని అడిగారు. ఒకరు పెసల కట్టు అన్నారు, ఒకరు ఇప్ప నూనె అన్నారు, ఒకరు బాదం పాలు అన్నారు. ఇది ఆయన ఆత్మకథలో ఉంది. అన్నీ ప్రయత్నించారు. ఏదీ ఆయన్ని మంచం మీంచి లేపలేదు.

చివరికి డాక్టర్ దలాల్ వచ్చి, పాలు తాగితే తప్ప మీ ఒంటిని బాగుచేయలేను అన్నారు. వ్రతం ఉంది అన్నారు గాంధీజీ. అప్పుడు పక్కనే ఉన్న కస్తూర్బా ఒక్క మాట అన్నారు: మీ వ్రతం ఆవు, గేదె పాల గురించే కదా, మేక పాలకి అభ్యంతరం ఏముంది?

లాజిక్ ప్రకారం చూస్తే ఆమె పాయింట్ కరెక్టే. వ్రతం పట్టేటప్పుడు ఆయన మనసులో ఉన్నవి ఆవు, గేదె మాత్రమే. కోడింగ్ భాషలో చెప్పాలంటే ఆ కండిషన్‌లో మేక లేదు. సత్యాగ్రహ పోరాటం చేపట్టాలి, అందుకు బతకాలి అనే కోరిక కూడా బలంగా ఉంది. ఆయన ఒప్పుకుని మేక పాలు తాగారు, కోలుకున్నారు. కానీ అక్కడితో తనని తాను వదిలేయలేదు. మాట నిలిచింది కానీ వ్రతం ఆత్మ పోయింది అని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పాలు మానలేకపోవడం ఆయన్ని చాలా ఏళ్ళు బాధించింది. మినహాయింపుకి రూఆన్‌లో డబ్బు కట్టి ఊరుకున్నారు. ఈయన దాని ధర మనసులో కడుతూనే ఉన్నారు.

ఈ కథలో కస్తూర్బా వైపు నుంచి కూడా ఆలోచించండి. ఎదురుగా భర్త చనిపోయేలా ఉన్నాడు. బాదం పాలు పని చేయలేదు. ఆమెకి ఆ లూప్‌హోల్ వాదన కోసం కాదు, మనిషి బతకడం కోసం.

మరి ఇవి పాలేనా?

లెక్క చూద్దాం. ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల ఆవు పాలల్లో సుమారు 8 గ్రాముల ప్రోటీన్, 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. నేను వాడిన 140 గ్రాముల బాదంలో మొత్తం ప్రోటీన్ 30 గ్రాముల దగ్గర. అది నాలుగు గ్లాసులకి పంచుకోవాలి, అందులో కొంత గుడ్డలో పిప్పితోనే ఉండిపోతుంది. డబ్బాల్లో అయితే బాదం ఇంకా తక్కువ. చాలా వాటిలో గ్లాసుకి ఒక గ్రాము ప్రోటీన్ దాటదు. డబ్బా వెనక్కి తిప్పి చదవండి. కాల్షియం కంపెనీవాళ్ళు కలిపితేనే ఉంటుంది, ఇంట్లో చేసినవాటిలో పెద్దగా ఉండదు.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఏడాది లోపు పసిపిల్లలకి తల్లిపాల బదులుగా వీటిని పట్టకండి. గింజల ఎలర్జీ ఉన్నవాళ్ళు జోలికే వెళ్ళకండి. పాలు అరగక మానేసినవాళ్ళు, జీవహింస వద్దని మానేసినవాళ్ళు నిశ్చింతగా తాగండి, కానీ ప్రోటీన్, కాల్షియం వేరే చోట నుంచి తెచ్చుకోవాలని గుర్తుపెట్టుకోండి. పప్పు, రాగులు, నువ్వులు మన ఇంట్లోనే ఉన్నాయి.

పేరు గొడవ ఇప్పటికీ నడుస్తోంది. 2017లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, మొక్కల నుంచి చేసినవాటిని పాలు అని అమ్మకూడదని చెప్పింది. కొబ్బరి పాలు లాంటి పాత పేర్లకి మాత్రం మినహాయింపు ఉంది. తెలుగులో మనం కొబ్బరి పాలు అంటాం, గోధుమ పాలు అంటాం, జిల్లేడు పాలు అని కూడా అంటాం. మన భాషకి ఈ ఇబ్బంది ఎప్పుడూ లేదు. పేరులో నాకూ ఇబ్బంది లేదు. పేరు ఒకటే కాబట్టి లోపల ఉన్నది కూడా ఒకటే అనుకుంటేనే ఇబ్బంది.

మిగిలిన పిప్పి పారేయొద్దు. చపాతీ పిండిలో కలిపేయండి, లేదా పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరేయండి, బాగుంటుంది. మీ ఇళ్ళల్లో పాలు మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎందుకు మానేశారు, బదులుగా ఏం తీసుకుంటున్నారు, కామెంట్స్‌లో రాయండి. అన్నీ చదువుతాను.