మాత్రలు లేని రోజుల్లో

కుటుంబ నియంత్రణ అనగానే మనకు మాత్రలు, ఆపరేషన్లు గుర్తొస్తాయి. అవేవీ లేని 18వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్సులో కాన్పులు తగ్గుముఖం పట్టాయి. మిగతా యూరప్‌లో చాలా దేశాలు ఆ దారికి రావడానికి ఇంచుమించు వందేళ్లు పట్టింది. మరి ఎలా తగ్గాయి? స్ఖలనానికి ముందే భర్త విరమించుకోవడమే ముఖ్య కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇలాంటి గుట్టు పల్లెలదాకా పాకిందని 1778లోనే మొహో అనే రచయిత వాపోయాడు. చర్చి పాపమన్నది, జనం మాత్రం తమ లెక్క తాము చూసుకున్నారు.

అలాగని ఇది భరోసా గల పద్ధతి కాదు. దీన్నే నమ్ముకున్న నూరు జంటల్లో ఏడాదికి సుమారు 20 మందికి గర్భం వస్తుంది. సుఖవ్యాధులనూ ఆపదు. పైగా నిగ్రహం భర్త చేతిలో ఉంటుంది, అది తప్పితే మోసేది భార్య. ఫ్రాన్సు ఘనత చెప్పేటప్పుడు ఈ సంగతి ఎందుకో వెనక్కి పోతుంది.